ఎడమ స్టీరింగ్ అంబాసిడర్: ఒక ఇత్తడి ఫలకాల ఆర్డర్ కేస్ స్టడీ

“బిడ్డా, ఈ బండిల స్టీరింగ్ ఎడమ దిక్కున్నదేంది?”

శనివారం సాయంత్రం ఈ మాట వినేసరికి మా వర్క్‌షాప్‌లో చెక్క పెట్టెలు వరసగా ప్యాక్ చేసి ఉన్నాయి. ఒక్కో పెట్టెలో మూడు ఇత్తడి ఫలకాలు. ఆ మాట అన్నది ఒక ప్రభుత్వ శాఖలో ముప్పై ఏళ్లు అంబాసిడర్ నడిపి రిటైరైన పెద్దాయన. చెక్ చేయమని ఆయన్ని ఎవరూ పిలవలేదు. ఆర్డర్ ఇచ్చినవాళ్లలో ఒకరికి తెలిసినాయన కావడంతో సరదాగా వెంట వచ్చాడు. ఫలకం చేతిలోకి తీసుకున్నాడు, అక్షరాల జోలికి పోలేదు, నేరుగా ముందు అద్దంలోంచి లోపలికి చూశాడు. నెల రోజులుగా మా కళ్ల ముందే ఉన్న తప్పు ఆయనకు కూర్చునేలోపే దొరికిపోయింది.

మాది హన్మకొండలో చిన్న వర్క్‌షాప్. బాపు ఇంటి గేట్లకు, డాక్టర్లకు, వకీళ్లకు ఇత్తడి నేమ్‌ప్లేట్లు చేస్తూ మొదలుపెట్టాడు. ఇప్పుడు షీల్డులు, మెమెంటోలు, బ్యాడ్జీలు ఎక్కువ. పదిహేనేళ్లుగా నేను చూసుకుంటున్నాను. మా లైన్‌లో తప్పు పడితే రాత్రికి రాత్రి స్క్రాప్‌లో వేసేస్తాం, బయటికి చెప్పం. అందుకే ఒక షాపులో జరిగిన తప్పే పక్క షాపులో మళ్లీ జరుగుతుంది. ఈ కేసును మాత్రం మొదటి నుంచి చివరిదాకా రాయాలని ఆ రోజే అనుకున్నాను.

ఆర్డర్

వరంగల్, కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ దిక్కున పాత కార్లు ఉంచుకున్నవాళ్లు కొందరు ఒక ఆదివారం హన్మకొండలో కలిసి, వరంగల్ కోట దాకా తమ బండ్లు నడుపుకుంటూ పోవాలనుకున్నారు. దాని గుర్తుగా 120 సెట్లు అడిగారు. ఒక ఫలకం మీద అంబాసిడర్, ఒకదాని మీద పద్మిని, ఇంకోదాని మీద మారుతి 800. మూడింటికీ వెనక కోటలోని కీర్తి తోరణం. అక్షరాలన్నీ తెలుగులోనే ఉండాలన్నారు. ఆ మాటకు నాకు చాలా సంతోషం వేసింది. మా దగ్గరికి వచ్చే మెమెంటోల్లో ఎక్కువ భాగం ఇంగ్లిష్‌లోనే అడుగుతారు.

మొదట్లోనే ఒక విషయంలో వాళ్లు చాలా జాగ్రత్తగా ఉన్నారు. అంబాసిడర్ మొదలైన ఏడాది 1957 అని కొందరు, 1958 అని కొందరు గట్టిగా వాదించుకున్నారు. ఉత్తరపారా ఫ్యాక్టరీలో ఉత్పత్తి ఆగింది మే 2014లో అన్నదానికి ఎవరికీ అభ్యంతరం లేదు. మూలం ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అన్నదానికీ లేదు. గొడవ మొదటి ఏడాది దగ్గరే. చివరికి, వివాదం ఉన్న అంకెను ఇత్తడి మీద వేయొద్దని నిర్ణయించుకుని, ముందు గ్రిల్ మారి మార్క్ 2గా వచ్చిన 1962ను తీసుకున్నారు. ‘అంబాసిడర్ మార్క్ 2 – 1962, హిందుస్థాన్ మోటార్స్, ఉత్తరపారా’ అని రాసిచ్చారు. అంకెల మీద ఇంత శ్రద్ధ చూసి నేను ధైర్యపడ్డాను. ఇక మిగతాదీ ఇంతే జాగ్రత్తగా చూస్తారులే అనుకుని, నా వంతు చూపును కొంచెం వదులు చేశాను. మొదటి తప్పు అక్కడే మొదలైంది, అది పూర్తిగా నాది.

పని ఎలా నడుస్తుంది

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఒక మిల్లీమీటరు మందం ఇత్తడి షీటును నూనె, జిడ్డు లేకుండా కడుగుతాం. డిజైన్‌ను ఫిల్మ్ తీయించి, స్క్రీన్ ఎక్స్‌పోజ్ చేసి, షీటు మీద యాసిడ్ అంటని ఇంకు ప్రింట్ కొడతాం. తర్వాత షీటును ఫెర్రిక్ క్లోరైడ్ ట్యాంకులో వేస్తే, ఇంకు లేని చోట ఇత్తడి తినేసి లోతు పడుతుంది, ఇంకు ఉన్న చోట గీతలు, అక్షరాలు ఉబ్బుగా నిలుస్తాయి. కడిగి, సోడా నీళ్లలో ముంచి, లోతులో రంగు నింపి, ఆరబెట్టి, పైన బఫింగ్ చేసి, అంటే మెరుగు పట్టి, లాకర్ అనే పారదర్శక పూత కొడతాం. లాకర్ కొట్టకపోతే వేలిముద్రలు నెల తిరగకముందే నల్లగా తేలతాయి.

మా షీటుకు పన్నెండు ఫలకాలు వస్తాయి. అంటే ఒక్కో కారుకు పది షీట్లు. ప్రింటులో ఒక తప్పు ఉంటే అది పన్నెండింటిలోనూ, పదిసార్లూ పడుతుంది. చేత్తో చెక్కే పనిలో చెయ్యి జారితే ఒక్కటే పోతుంది. మా పనిలో తప్పుకు కూడా కాపీలు తయారవుతాయి.

స్టీరింగ్ ఎట్లా మారింది

పెద్దాయన చూపించగానే నాకు మొదట వచ్చిన అనుమానం ఫిల్మ్ తిరగబడిందేమోనని. అది కాదని వెంటనే తేలిపోయింది. ఫిల్మ్ తిరగబడితే అక్షరాలు కూడా అద్దంలో చూసినట్టు తిరగబడాలి. ఇక్కడ అక్షరాలు శుభ్రంగా ఉన్నాయి, కారు ఒక్కటే తిరిగింది.

డిజైన్ చేసిన అబ్బాయిని కూర్చోబెట్టి ఫైలు తెరిపించాను. వాడు తెలివైనవాడు, పని మీద ప్రేమ ఉన్నవాడు. అడగగానే దాచకుండా చెప్పాడు. “అక్కా, కారు బయటికి పోతున్నట్టు కొట్టొస్తుండె. తోరణం దిక్కు వస్తున్నట్టుంటె మంచిగుంటదని తిప్పిన.” డీటీపీ పనిలో ఇది అందరికీ ఉన్న అలవాటే. మనిషి ముఖమైనా, ఎద్దుల బండైనా పేజీ లోపలికి చూస్తుండాలి, బయటికి చూడకూడదు. అందుకని ఒక్క బటన్ నొక్కి బొమ్మను అడ్డంగా తిప్పేస్తారు. ఎద్దుల బండికి అది చెల్లుతుంది. కారుకు చెల్లదు, ఎందుకంటే మన దేశంలో డ్రైవర్ సీటు కుడివైపే ఉంటుంది. తోరణం మాత్రం అటూ ఇటూ ఒకే తీరుగా కట్టింది కాబట్టి, తిప్పినా తిప్పినట్టు తెలియదు. మా కళ్లను మోసం చేసింది ఆ సమరూపమే అనిపిస్తుంది. వెనక ఉన్నది సరిగ్గా కనిపిస్తుంటే ముందున్నదీ సరే అనుకున్నాం.

అక్కడితో ఆగితే వేరు. కారు తిప్పగానే నంబర్ ప్లేటు మీది అంకెలు తిరగబడ్డాయి. అవి వాడికి కనపడ్డాయి. వాటిని తీసేసి కొత్తగా టైపు చేశాడు. ఏం టైపు చేయాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి, చిన్నప్పటి నుంచి ఊళ్లో చూసిన ‘ఏపీ 36’ పెట్టాడు. వరంగల్ వాళ్లకు ఆ అక్షరాల మీద ఎంత మమకారమో నాకు తెలుసు. బాపు స్కూటర్‌దీ అదే సిరీస్. అందుకే ప్రూఫ్ చూసినవాళ్లంతా అక్కడ ఒక్క క్షణం ఆగి, నవ్వి, ముందుకు పోయారు.

కానీ రెండు అక్షరాల రాష్ట్రం కోడ్, రెండంకెల జిల్లా నంబర్ ఉండే ఆ పద్ధతి 1989 నుంచి వచ్చింది. 1962 అని రాసి ఉన్న ఫలకం మీద ఏపీ 36 ఉండటానికి వీల్లేదు. వేరే రాష్ట్రంలో తిరిగిన పాత బండిని 1989 తర్వాత ఇక్కడికి తెచ్చి మళ్లీ రిజిస్టర్ చేయిస్తే దానికి ఆ సిరీస్ రావచ్చు, నిజమే. మా ఫలకం మాత్రం 1962 అని ఏడాదే చెబుతోంది కాబట్టి ఆ సాకు పనిచేయదు.

ఈ రెండు తప్పుల వరసను నేను చాలాసార్లు తలుచుకున్నాను. మొదటి మార్పు అందం కోసం చేశాడు. రెండో మార్పు మొదటిదాని ఆనవాలును తుడిచేసింది. ప్లేటు మీద అంకెలు తిరగబడే ఉండి ఉంటే ఎవరో ఒకరు ‘ఇదేంది’ అనేవారు, అప్పుడు స్టీరింగ్ కూడా దొరికేది. కనపడిన తప్పును దిద్దేటప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందని వాడు అడగలేదు. నేనూ అడగలేదు. ఆ రోజు వాడి పక్కనే ఉన్నాను.

మిగతా తప్పులు

ఒక తప్పు దొరికిన రాత్రి నిద్ర పట్టదు, అదో టెన్షన్. ఆదివారం పొద్దున్నే మూడు ఫలకాలూ సంచిలో వేసుకుని ములుగు రోడ్డు దిక్కున పాత కార్లు బాగుచేసే ఒక ఉస్తాద్ దగ్గరికి పోయాను. ఆయన చేతులు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, అంబాసిడర్‌ను పక్కన పెట్టేశాడు. దాని సంగతి తేలిపోయిందిగా అన్నట్టు. మారుతిని దగ్గరికి తీసుకున్నాడు.

“బేటీ, కింద ఎంత రాసిన్రు?”

“1983.”

“ఈ బండి 83ది గాదు. ఇది తర్వాత వచ్చిన బాడీ.”

మారుతి 800 తొలి బండి తాళం చెవులు 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారు. ఆ తొలి బండి డబ్బాలాగా, నిటారుగా ఉంటుంది. 1986లో బాడీ మారింది, ముక్కు కొంచెం వాలుగా వచ్చింది. మనం రోడ్ల మీద ఏళ్ల తరబడి చూసింది ఎక్కువగా ఈ రెండోదే. మా అబ్బాయికి దొరికిన బొమ్మ ఆ రెండోది, కింద ఏడాది మొదటిదానిది. రెండు నిజాలను కలిపి ఒక అబద్ధం తయారుచేశాం.

పద్మిని సంగతి ఇంకో రకం. బొమ్మ బాగుంది, గ్రిల్ బాగుంది. రాసింది ‘ప్రీమియర్ పద్మిని – 1964’. బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఆ కారును 1964లో ఫియట్ 1100 డిలైట్ పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. పద్మిని అన్న పేరు 1974లో వచ్చింది. ఊళ్లల్లో ఆ తర్వాత కూడా ‘ఫియట్’ అనే అన్నారు, మా మామయ్య చివరిదాకా ఫియట్ అనే పిలిచాడు. కాబట్టి జనం నోట్లో రెండు పేర్లూ ఒకే కారువి. ఫలకం మీద మాత్రం ఒక పేరూ ఒక ఏడాదీ పక్కపక్కన పెడితే, ఆ ఏడాదిలో ఆ పేరు ఉందని చెప్పినట్టే. ఈ వాక్యం వాళ్లు రాసిచ్చిందే. నేను అచ్చుతప్పులు చూశాను గానీ విషయం చూడలేదు.

అక్షరాల తప్పు

ఇది మా ట్యాంకు చేసిన తప్పు. తెలుగులో ఇత్తడి పని చేసేవాళ్లందరికీ పనికొస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

వర్క్‌షాప్‌కు తిరిగొచ్చి భూతద్దం పెట్టి ప్రతి ఫలకం చూస్తే, 36 అంబాసిడర్ ఫలకాల మీద ‘హిందుస్థాన్’ కాస్తా ‘హిందుస్దాన్’ అయింది. థ వత్తు కడుపులో ఉండే చుక్క లేదు. 36 అంటే సరిగ్గా మూడు షీట్లు. రిజిస్టర్ చూస్తే ఆ మూడూ ఒకే రాత్రి ట్యాంకులో పడ్డాయి.

ఫెర్రిక్ క్లోరైడ్ కిందికి తిన్నట్టే పక్కలకూ తింటుంది. మా ట్యాంకులో లోతు ఎంత పడితే దానిలో దాదాపు సగం ఒక్కో పక్క నుంచి పోతుంది. మేం పెట్టుకున్న లోతు 0.3 మిల్లీమీటర్లు. అంటే ఉబ్బుగా నిలవాల్సిన ప్రతి గీతా రెండు పక్కలా కలిపి 0.3 మిల్లీమీటర్లు సన్నబడుతుంది. గీతకైతే రెండు పక్కలే, చుక్కకు చుట్టూ తినేస్తుంది. డిజైన్‌లో ఆ చుక్క 0.4 మిల్లీమీటర్లే. లెక్క ప్రకారం సన్నగానైనా మిగలాలి, మిగతా ఏడు షీట్లలో మిగిలింది కూడా. ఆ రాత్రి మాత్రం చలి ఎక్కువగా ఉంది. చలికి ట్యాంకు మందగిస్తుంది, తినడం నెమ్మదిస్తుంది. హీటర్ వేసి, మామూలు టైముకు ఇంకొంత కలిపాడు మా మిస్త్రీ. ద్రావణం వేడెక్కాక కూడా ఆ కలిపిన టైము అట్లాగే నడిచింది. లోతు 0.45 దాకా పోయింది, చుక్క పోయింది.

ఇంగ్లిష్ అక్షరాలు ఆ దెబ్బకు తట్టుకుంటాయి, కొంచెం సన్నబడతాయంతే. తెలుగు అట్లా కాదు. థ, ద, ధలకు తేడా ఒక చుక్క, ఒక చిన్న గీత. ప, ష, స, వ, మ అన్నింటికీ తలకట్టు, కొమ్ము, మెలిక దగ్గరే ప్రాణం. వత్తులు అసలు అక్షరం కన్నా చిన్నవి, కింద మూలన ఉంటాయి. అందుకని ఇంగ్లిష్‌కు సరిపోయిన సైజు తెలుగుకు సరిపోదు. ఇప్పుడు మా దగ్గర థ చుక్క 0.7 మిల్లీమీటర్లకు తగ్గనివ్వం. ఫాంటులో అంత లేకపోతే ఆ చుక్కను చేత్తో లావు చేస్తాం. దాని చుట్టూ ఖాళీ కూడా చూసుకోవాలి, లేకపోతే ప్రింటు ఇంకు పూడిపోయి ఈసారి చుక్క, గీత కలిసిపోతాయి. అక్షరం అందం కొంచెం చెడుతుంది. చెడినా సరే, థ థగా ఉండాలి.

ఫాంటు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. వాళ్లు వాట్సాప్‌లో పంపిన తెలుగును పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే ‘పద్మిని’ విడిపోయి ద కింద మ వత్తు రాకుండా ‘పద్‌మిని’ అని పడింది. అది మొదటి రోజే చూసి, అను ఫాంట్లలో మళ్లీ టైపు చేసి, కర్వ్స్ చేసి, అంటే అక్షరాలను బొమ్మ గీతలుగా మార్చి, పంపాం. దిద్దేశాం గానీ దాని వల్ల ఒక నష్టం జరిగింది. తెలుగు ప్రూఫ్ అంటే ఇట్లాంటి విరుగుళ్లు చూడటమే అన్నట్టు మా చూపంతా అక్షరాల ఆకారం మీదే నిలిచిపోయింది.

తప్పు ప్రతులను ఏం చేయాలి

సోమవారం నాటికి లెక్క తేలింది. మూడు రకాలూ తప్పే. 360 ఫలకాలూ మళ్లీ చేయాలి. ఉబ్బు అక్షరాన్ని చెరిపి ఇంకోటి పెట్టలేం. వచ్చే ఆదివారమే కార్యక్రమం. అప్పటికే గురువారం నాడు 11 సెట్లు దూరపు ఊళ్లవాళ్లకు అందాయి.

ఖర్చు గురించి పెద్దగా చెప్పను. ప్రూఫ్ మీద వాళ్ల సంతకం ఉంది, చూపించవచ్చు. చూపించలేదు. బొమ్మలు, ప్లేటు, చుక్క మా తప్పు, పద్మిని వాక్యం వాళ్లది. ఆ మాట వాళ్లే ముందు అన్నారు. పద్మిని ఫలకాల రేకు డబ్బులు వాళ్లు పెట్టుకున్నారు, మిగతాది మేం పెట్టుకున్నాం.

అసలు పేచీ పాతవాటి గురించి వచ్చింది. ఆర్డర్ ఇచ్చినవాళ్లలో ఒకాయనకు పాత నాణేలు, స్టాంపులు పోగుచేసే అలవాటు ఉంది. ఆయన ఫోన్ చేసి, “అమ్మా, ఎడమ స్టీరింగ్‌వి ఒక పది నాకు ఇయ్యిన్రి, రెట్టింపు ఇస్త. తప్పు పడ్డదానికే రేటు” అన్నాడు. మర్యాదస్తుడు, మోసం చేసే ఉద్దేశం లేదు. నిజంగా ఇష్టపడి అడిగాడు. ఆయన చెప్పిన ఉదాహరణ అందరికీ తెలిసిందే: 1918లో అమెరికాలో వచ్చిన 24 సెంట్ల విమానం స్టాంపు. దాన్ని రెండు రంగుల్లో రెండుసార్లు అచ్చు వేశారు. ఒక కాగితం రెండోసారి తిరగబడి మిషన్‌లోకి పోయింది. విమానం తలకిందులుగా పడిన వంద స్టాంపుల షీటు ఒకటి పోస్టాఫీసు కౌంటర్ దాటి బయటికి వచ్చింది, ఇవాళ ఒక్కో స్టాంపు కోట్ల మీద పలుకుతుంది.

ఆ ఉదాహరణనే పట్టుకుని నేను ఆలోచించాను. ఆ షీటు అమ్మిన గుమస్తాకు దాంట్లో తప్పుందని తెలియదు. అచ్చువేసినవాళ్లకూ తెలియదు. తెలిసిన తర్వాత తపాలా శాఖవాళ్లు మిగతా వాటిని వెతికించారు, కొన్నవాడి దగ్గర నుంచి కూడా వెనక్కి తీసుకోవాలని చూశారు. దానికి విలువ కట్టింది వాళ్లు కాదు. నాకు ఇప్పుడు తెలుసు. తెలిసి పది ఫలకాలు అమ్మితే, దాన్ని ప్రొడక్షన్ ఎర్రర్ అని ఎట్లా అనగలను? అది నేను తయారుచేసి అమ్మే సరుకు అయిపోతుంది. రేపు ఇంకో షాపువాడు కావాలనే ఒక షీటు తిప్పి కొడతాడు.

విమానం తలకిందులుగా ఉంటే చిన్న పిల్లవాడు కూడా తప్పు అని చెబుతాడు. మా తప్పు అట్లాంటిది కాదు. స్టీరింగ్ ఎడమవైపు ఉన్న అంబాసిడర్ చూడటానికి నిజంలాగే ఉంటుంది. ఆ మాట నేను ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. బుధవారం దానికి రుజువు దొరికింది. 11 సెట్లు తీసుకున్న ఇళ్లలో ఒక ఇంటి నుంచి ఒక కాలేజీ అమ్మాయి ఫోన్ చేసింది. తాతయ్యకు ఇచ్చిన ఫలకం చూసి అడిగింది: “మేడం, 1962లో ఎడమ స్టీరింగ్ అంబాసిడర్లు కూడా చేసేవారా? ప్రాజెక్టులో రాసుకుంటా.” ఆ పిల్ల గొంతులో ఏమాత్రం అనుమానం లేదు. ఇత్తడి మీద ఉంది కదా. ఆ ఫోన్ తర్వాత నేను ఆయనకు మళ్లీ చేసి, ఇవ్వనని చెప్పాను. ఆయన కొంచెంసేపు మౌనంగా ఉండి, సరేనమ్మా అన్నాడు.

షాపులో ఉన్న 109 సెట్లను పెట్టెల్లోంచి తీసి, షీట్ కట్టర్ మీద పెట్టి, ప్రతి ఫలకాన్నీ కారు మధ్య నుంచి రెండు ముక్కలు చేశాం. మూడు వందల పైచిలుకు ఫలకాలను ముక్కలు చేయడానికి ఒక పూట పట్టింది. మిస్త్రీ ఒక్క మాట మాట్లాడలేదు. బఫింగ్ చేసి మెరిపించింది ఆయనే. ఒక్కో రకం ఒక్కోటి మాత్రం కత్తిరించకుండా, వెనక ‘తప్పు ప్రతి’ అని పంచ్ కొట్టి, ఎక్స్‌పోజింగ్ టేబుల్ పైన గోడకు బిగించాం.

రెండోసారి

ఆ వారంలోనే పెంబర్తి పోయొచ్చాను. పెట్టెల మూతల మీదికి చిన్న ఇత్తడి అంచు పని కావాలన్నారు. అక్కడి పనివాళ్లు రేకును లక్క మీద పరిచి, వెనక నుంచి కొట్టి, ముందు వైపు బొమ్మ లేపుతారు. అంటే కుడి ఎడమలు తారుమారుగా ఆలోచించడం వాళ్లకు చిన్నప్పటి నుంచి అలవాటు. నా బాధ చెప్పుకుంటే ఒక పెద్ద మనిషి అడిగాడు, ప్రూఫ్ చూపించి జనాన్ని ఏమని అడుగుతావని. బాగుందా అని అడుగుతానన్నాను. “మంచిగున్నదా అంటె మంచిగున్నదనే అంటరు బిడ్డా. ఇండ్ల తప్పేడున్నదో చూపెట్టుమని అడుగు” అన్నాడు.

అట్లాగే అడిగాం. ఈసారి ఫోన్‌లో ఫోటో పంపలేదు. ఒక్కో రకం ఒక్కో ఫలకం నిజంగా ఇత్తడి మీద తీసి, రంగు నింపి, డ్రైవర్ పెద్దాయన చేతికీ, ఉస్తాద్ చేతికీ ఇచ్చాం. తప్పు దొరికితేనే చాయ్ అని చెప్పాం. ఉస్తాద్‌కు దొరికింది కూడా. కొత్తగా వేసిన మారుతి బొమ్మలో వెనక చక్రం కొంచెం ముందుకు జరిగిందన్నాడు. స్కేలు పెట్టి చూస్తే నిజమే, ట్రేసింగ్‌లో జరిగింది. దిద్దాం. మా పక్కింటి టీచరమ్మ అక్షరాలను చివరి నుంచి మొదటికి చదివింది. అట్లా చదివితే అర్థం కళ్లను ముందుకు లాక్కుపోదు, ఒక్కో అక్షరం విడిగా కనపడుతుంది.

అంబాసిడర్‌ను తిరిగి కుడి స్టీరింగ్‌కు తెచ్చాం. కారు ఫలకం బయటికే చూస్తోంది, డిజైన్ లెక్కన అది కొంచెం వెలితి. ఆ వెలితి ఉండనిచ్చాం, బదులుగా తోరణాన్ని ఇంకో పక్కకు జరిపాం. నంబర్ ప్లేటు ఖాళీగా వదిలేశాం. కేంద్రం 2021లో యాభై ఏళ్లు దాటిన బండ్లకు తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్‌లో వచ్చే ‘వీఏ’ అక్షరాలు పెడదామని ఒకరు అన్నారు. 1962 ఫలకం మీద 2021 అక్షరాలంటే మళ్లీ అదే కథ. వద్దన్నాను. పద్మిని కింద ఏడాది 1974 చేశారు. మారుతికి తొలి బాడీ బొమ్మ గీయించాం.

ట్యాంకు దగ్గర థర్మామీటర్ వేలాడదీశాం. టైము చూసి తీయడం మానేసి, ప్రతి షీటు మూలన ఒక పరీక్ష చుక్కల వరస ప్రింట్ చేస్తున్నాం. 0.3 నుంచి 0.8 దాకా ఆరు చుక్కలు. ఏ చుక్క మాయమైందో చూస్తే ఎంత తిన్నదో తెలిసిపోతుంది. షీటు కత్తిరించేటప్పుడు ఆ మూల ఎట్లాగూ స్క్రాప్‌లోకే పోతుంది, ఖర్చేమీ లేదు. ఈ కేసులో ఇంకే షాపువాళ్లయినా తీసుకోదగ్గది ఒకటుంటే అది ఇదే అంటాను. డిజైన్ అబ్బాయికి కూడా ఒక మాట చెప్పాను. బొమ్మ తిప్పొద్దని చెప్పలేదు. తిప్పితే ఫైలు పేరులోనే ‘తిప్పింది’ అని రాయమన్నాను. ఇప్పుడు రాస్తున్నాడు.

నాలుగు రాత్రులు పనిచేసి శనివారం మధ్యాహ్నానికి 120 సెట్లు పూర్తిచేశాం. ఆదివారం పొద్దున బండ్లన్నీ వరసగా నిలబడితే డ్రైవర్ పెద్దాయన ఒక తెల్ల అంబాసిడర్ బానెట్ మీద కొత్త ఫలకం ఆనించి పెట్టి, గ్రిల్‌ను చూసి, ఫలకాన్ని చూసి, మళ్లీ గ్రిల్‌ను చూశాడు. నేను పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను, దగ్గరికి పోవడానికి ధైర్యం చాలలేదు. ఆయన తల ఊపి ఫలకాన్ని జేబులో పెట్టుకున్నాడు.

ముందు పోయిన 11 సెట్లలో ఆ వారంలోనే ఎనిమిది వెనక్కి వచ్చాయి, బదులుగా కొత్తవి ఇచ్చాం. కాలేజీ అమ్మాయి తాతయ్యది ఆ తర్వాతి నెలలో వచ్చింది, లోపల ఒక చీటీ పెట్టి పంపింది, ప్రాజెక్టులో ఆ వాక్యం తీసేశానని. ఇంకో రెండు సెట్లు రావాలి. ఒకటి జగిత్యాల దిక్కు, ఒకటి ఎవరికి ఇచ్చారో ఇచ్చినవాళ్లకే గుర్తు లేదు. రిజిస్టర్‌లో ఆ రెండు గడులూ ఖాళీగా ఉంచాను.